పాత అంబాసిడర్ రంగు లేపడానికి స్ట్రిప్ డిస్క్ కొనచ్చా?

కొనచ్చు. గ్రైండర్‌కి బిగించి రంగు గీకే పీచు డిస్కు ఇది. కానీ బండి మొత్తానికి అదొక్కటే చాలనుకుంటే డబ్బూ దండగే, రేకూ దండగే. దాని బలం ఎక్కడుందో, ఎక్కడ పక్కన పెట్టి వేరే సరుకు అందుకోవాలో తెలిస్తేనే ఆ ధర గిట్టుబాటవుతుంది. ఇక్కడ చెప్పేదంతా అంబాసిడర్‌ని మనసులో పెట్టుకుని చెబుతున్నదే. ప్రీమియర్ పద్మిని కారుకీ, పాత జీపుకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

ముందు రేకు సంగతి. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి కాబట్టి బాడీయే ఛాసిస్. తలుపుల కింద ఉండే పెట్టె లాంటి బోలు భాగం, ఫ్లోరు, చక్రాల పైకమాను, డిక్కీ అడుగు కుళ్లితే బండి బలమే పోయినట్టు. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' వరస నంబరు రావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అందుకని ఉన్న రేకుని అరగ్గొట్టకుండా రంగు మాత్రమే లేపడం ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం. పాత రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. ఈనాటి కార్ల రేకు కన్నా మందమే గానీ, తెలియని చేతిలో గ్రైండర్ పడితే ఆ తేడా ఒక పూటలో కరిగిపోతుంది. పని మొదలెట్టే ముందు బాడీ మీద గుద్దిన ఛాసిస్ నంబరు ఎక్కడుందో చూసి, దాని మీద మూడు నాలుగు పొరల టేపు వేసి పెట్టండి. డిస్కు గానీ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గింజలు కొట్టి గీకడం) గానీ ఆ అంకెల్ని తినేస్తే ఆర్టీఏ ఆఫీసులో ఎవరికీ సర్దిచెప్పలేరు.

ఇప్పుడు డిస్క్. నైలాన్ పీచుని వదులుగా, ఖాళీలు ఖాళీలుగా అల్లి, దానికి సిలికాన్ కార్బైడ్ గింజలు జిగురుతో పట్టించి చేస్తారు. ఆ ఖాళీలే దీని కిటుకు. రంగు పొడి లోపల ఇరుక్కోకుండా బయటికి ఎగిరిపోతుంది, పీచు అరిగేకొద్దీ కొత్త గింజలు పైకి వస్తాయి. పైగా మెత్తగా వంగుతుంది కాబట్టి అంబాసిడర్ మడ్‌గార్డు లాంటి గుండ్రటి చోట కూడా గాట్లు పెట్టకుండా సాగుతుంది. రంగు, ప్రైమరు, పైపై తుప్పు మూడూ ఒకే దఫాలో పోయి, మసక వెండి రంగులో రేకు తేలుతుంది. త్రీఎం వాళ్ల క్లీన్ అండ్ స్ట్రిప్ ఈ తరహాలో బాగా పేరున్నది. అదే పద్ధతిలో చవక డిస్కులూ బోలెడు దొరుకుతాయి. నలుపు, నీలం, ఊదా రంగుల్లో వస్తాయి. సాధారణంగా నలుపు మెత్తన, ఊదా గట్టిది, ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే చవక రకాల్లో రంగుని నమ్మి కొనకూడదు. బొటనవేలితో అంచుని నొక్కి చూడండి. పీచు ఇట్టే విరిగి రాలితే అది ఒక తలుపు కూడా పూర్తిచేయదు.

కొనేముందు మీ గ్రైండర్ చూసుకోండి. మన షెడ్లలో ఎక్కువగా ఉండేది 4 అంగుళాలది. దాని స్పిండిల్ (డిస్కు బిగించే మరలున్న ఇరుసు) ఎం10, అంటే 10 మిల్లీమీటర్లది, డిస్కు రంధ్రం 16 మిల్లీమీటర్లు. 5 అంగుళాల గ్రైండర్‌కి స్పిండిల్ ఎం14, రంధ్రం 22 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్‌లో కనిపించే మంచి డిస్కుల్లో చాలా భాగం ఈ రెండో కొలతవే. వాషర్లు పెట్టి 4 అంగుళాల గ్రైండర్‌కి ఇరికిస్తే కేంద్రం తప్పి, చెయ్యి మొద్దుబారేంత అదురుతుంది. డిస్కు వెనక రాసి ఉండే గరిష్ఠ వేగం మీ గ్రైండర్ వేగం కన్నా ఎక్కువ ఉండి తీరాలి. 4 అంగుళాల గ్రైండర్లు దాదాపు 11,000 నుంచి 12,000 ఆర్‌పీఎం తిరుగుతాయని గుర్తుంచుకోండి.

అసలు ఇబ్బంది కూడా ఆ వేగంతోనే. రంగు లేపడానికి అంత వేగం అక్కర్లేదు. వేగం తగ్గించుకునే వీలున్న గ్రైండర్ అయితే 4,000 నుంచి 6,000 మధ్య పెట్టుకోండి. డిస్కు ఎక్కువ కాలం మన్నుతుంది, రేకు వేడెక్కదు. పూర్తి వేగంలో నొక్కితే పాత డ్యూకో రంగు (థిన్నర్‌తో కరిగే నైట్రోసెల్యులోజ్ రంగు) పొడిగా రాలదు, కరిగి జిగురులా మారి డిస్కుకీ రేకుకీ అంటుకుంటుంది. ఆ జిడ్డు పట్టిన డిస్కు ఇంక కోయదు, రుద్దుతుందంతే. అప్పుడు పనివాడు మరింత నొక్కుతాడు, రేకు వేడెక్కి పొంగుతుంది. బానెట్, టాపు, డిక్కీ మూత లాంటి వెడల్పాటి రేకుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఒకసారి రేకు సాగితే వేలితో నొక్కినప్పుడల్లా టకటకమంటూ లోపలికీ బయటికీ ఆడుతుంది. దాన్ని మళ్లీ కుదించడం మంచి టింకరింగ్ మేస్త్రీకి కూడా రోజుల పని. పని చేస్తున్న చోట అరచెయ్యి ఆనించి చూస్తూ ఉండండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ ఆపి ఇంకో మూలకి వెళ్లాలి. ఒక్కచోటే నిలబెట్టకుండా డిస్కుని 10, 15 డిగ్రీల వాలులో పట్టి, గ్రైండర్ బరువు మాత్రమే పడేలా నడపాలి.

రెండో పొరపాటు అంచుల దగ్గర జరుగుతుంది. తలుపు అంచు, టాపు అంచున ఉండే నీటికాలవ, టెయిల్ లైటు రంధ్రం లాంటి పదునైన చోట డిస్కు అంచుకి ఎదురు తిరిగితే పీచు ముక్కలుగా చిరిగి ముఖం మీదికి వస్తుంది. డిస్కు ఎప్పుడూ రేకు మీద నుంచి అంచు బయటికి తిరిగి వెళ్లేలా పట్టుకోవాలి. చాలామంది డిస్కులు మన్నలేదని తిట్టుకునేది ఈ ఒక్క కారణానికే.

పుట్టీ మీద కూడా దీన్ని వాడొద్దు. టాక్సీగా తిరిగిన అంబాసిడర్‌లో తలుపుల కింద, మడ్‌గార్డుల మీద అర సెంటీమీటరు పుట్టీ దొరకడం మామూలే. పలచటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి రేకు మీద జరుపుతూ పోండి. ఎక్కడ పట్టు సడలితే అక్కడ సుద్దతో గీత గీయండి. ఆ గీతల లోపల ముందు డీఏ శాండర్‌కి (గుండ్రంగా అదురుతూ రుద్దే యంత్రం) 40 లేదా 60 నంబరు కాగితం పెట్టి పుట్టీ దించి, ఆ తర్వాతే డిస్కు పట్టండి. లేకపోతే ఖరీదైన డిస్కు పుట్టీ పొడికే అరిగిపోతుంది. నాలుగైదు పొరల రంగున్న బండికి బయటి రేకు మొత్తం డిస్కుతోనే తీయాలంటే పదీ పన్నెండు డిస్కులు చేతిలో పెట్టుకుని దిగాలి. పై పొరలు రంగు లేపే మందుతో (పెయింట్ రిమూవర్) లేపితే అందులో సగం చాలు.

ఆ మందు గురించి. ఏ మందు కొనాలో తేల్చుకునే ముందు మీ బండి మీద ఉన్నది ఏ రంగో చూడండి. తెల్ల గుడ్డని మంచి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో తడిపి, ఎవరికీ కనిపించని చోట అర నిమిషం రుద్దండి. రంగు కరిగి గుడ్డకి అంటితే అది డ్యూకో. దాన్ని చాలావరకు థిన్నర్ గుడ్డలు కప్పిపెట్టే తీయొచ్చు. ముడతలు పడి లేస్తే ఎనామెల్. ఏమీ కాకపోతే టూకే పీయూ, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురేథేన్ రంగు. దానికే అసలు పెయింట్ రిమూవర్ కావాలి. ఒకే బండి మీద ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఉండటం కూడా వింత కాదు.

బజారులో గట్టిగా పనిచేసే పెయింట్ రిమూవర్లలో ఉండేది ఎక్కువగా డైక్లోరోమీథేన్. ముందుగా రంగుని 40 నంబరు కాగితంతో అడ్డదిడ్డంగా గీకి, మందుని బ్రష్షుతో మందంగా ఒకే దిక్కున పూసి వదిలేయాలి. మళ్లీ మళ్లీ బ్రష్షు తిప్పితే పైన కట్టిన మైనపు పొర చెదిరి మందు ఆవిరైపోతుంది. పైన పాలిథిన్ కాగితం కప్పితే 15, 20 నిమిషాల్లో రంగు పొంగి లేస్తుంది. మన వేసవిలో ఈ మందు పనిచేయలేదని ఫిర్యాదులు రావడానికి కారణం ఒక్కటే. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో ఎండలో ఉన్న బానెట్ మీద పూస్తే రంగులోకి దిగే లోపే గాల్లో కలిసిపోతుంది. తెల్లవారుజామున, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే పూయాలి.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒంట్లోకి వెళ్లాక ఇది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదుల్లో పనిచేస్తూ చనిపోయినవాళ్లు ఉన్నారు. అమెరికాలో మామూలు వినియోగదారులకి రంగు తీసే మందుగా దీన్ని అమ్మడం 2019లో నిషేధించారు. మామూలు నైట్రైల్ గ్లవుజుల్లోంచి నిమిషాల్లో చర్మానికి దిగుతుంది, గుడ్డ మాస్కు ఏ మాత్రం ఆపదు. నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు లేకపోతే ఈ సరుకు జోలికి వెళ్లకపోవడమే నయం.

మందుకి ఇంకో దుర్గుణం ఉంది. తలుపు అంచులో రేకు మడిచి నొక్కిన చోట, రెండు రేకులు కలిసే అతుకుల్లో లోపలికి దూరిందంటే బయటికి రాదు. కొత్త రంగు వేసిన కొన్ని నెలలకి సరిగ్గా అక్కడే బొబ్బలు లేస్తాయి. అందుకే అంచులకీ అతుకులకీ రెండంగుళాలు వదిలి టేపు వేసి, మధ్య భాగం మాత్రమే మందుతో లేపాలి. వదిలేసిన ఆ రెండంగుళాల పట్టీలకి స్ట్రిప్ డిస్కుని మించింది లేదు. ఈ సరుకులన్నిట్లో డిస్కుకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ పనికే. కొందరు చవగ్గా అవుతుందని కాస్టిక్ సోడా నీళ్లు వాడతారు. అది అతుకుల్లో ఇంకా మొండిగా ఉండిపోతుంది, అల్యూమినియం బీడింగులు ఉంటే వాటినీ తినేస్తుంది.

వైర్ కప్ బ్రష్షు చవకే, షెడ్డులో ఎప్పుడూ ఉండేదే. కానీ తుప్పు మీద అది చేసే మోసం తెలియాలి. గుంటల్లో ఉన్న తుప్పుని తీయకుండా పాలిష్ చేస్తుంది. నల్లగా నిగనిగలాడుతుంటే శుభ్రమైందనుకుని ప్రైమర్ కొడతారు, ఒక వానాకాలం దాటేసరికి అదే చోట గోధుమ రంగు మచ్చలు తేలతాయి. బండి అడుగు భాగం, సస్పెన్షన్ ముక్కలు, అతుకుల మూలలకి మాత్రం అది పనికొస్తుంది. తెగిన తీగలు సూదుల్లా ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు సరిపోవు, ముఖమంతా కప్పే షీల్డు ఉండాలి. ఉప్పుకాగితం రెక్కలు పేర్చి చేసే ఫ్లాప్ డిస్కు సీఓటూ (గ్యాస్) వెల్డింగ్ మచ్చలు సాపు చేయడానికే. దాంతో రంగు తీస్తే రంగుతో పాటు రేకూ తీసినట్టే.

స్ట్రిప్ డిస్కు కూడా గుంటల అడుగుకి వెళ్లదు. పని అయ్యాక రేకుని వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూస్తే మిరియపు గింజంత నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవన్నీ తుప్పే. సూదిమొనతో పొడిచి చూడండి. లోపలికి దిగిపోతే ఆ రేకు కోసి కొత్త ముక్క అతకాల్సిందే, ఏ మందూ అక్కర్లేదు. గట్టిగా ఉంటే ఫాస్ఫారిక్ యాసిడ్ పని మొదలవుతుంది. 85 శాతం యాసిడ్ ఒక పాలుకి నీళ్లు ఆరేడు పాళ్లు కలిపితే 15 నుంచి 20 శాతం మధ్య వస్తుంది. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పూసి, ఎర్ర స్కాచ్‌బ్రైట్ పీచుతో రుద్దుతూ 15 నిమిషాల నుంచి అరగంట దాకా తడి ఆరకుండా చూడాలి. ఆరిపోతే తెల్ల పొడి కడుతుంది. ఆ పొడి మీద ఎపాక్సీ ప్రైమర్ నిలవదు, గోటితో గీకితే పొరలుగా లేచిపోతుంది. చివర్న నీళ్లతో బాగా కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టి, 80 నంబరు కాగితంతో పైపైన రుద్దాలి.

బాత్రూం యాసిడ్ వాడే అలవాటు చాలా షెడ్లలో ఉంది. తుప్పు క్షణాల్లో పోతుంది, నిజమే. కానీ అది హైడ్రోక్లోరిక్. అందులోని క్లోరైడ్ గుంటల్లో మిగిలిపోయి, రంగు కిందే తుప్పుని మళ్లీ పిలుస్తుంది. సీసా మూత తీసి పెడితే చాలు, ఆ ఆవిరికి షెడ్డులోని పానాలు కూడా తుప్పు పడతాయి. నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్లు పలచటి తుప్పు మీద, చెయ్యి దూరని పెట్టె భాగాల లోపల పనికొస్తాయి. పొరలు పొరలుగా ఊడే తుప్పు మీద పూస్తే పైపొర మాత్రమే నల్లబడుతుంది. కీళ్లు, బ్రాకెట్లు, బోల్టులు లాంటి చిన్న సామానుకి ఇవేవీ అక్కర్లేదు. లీటరు నీళ్లకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే బ్రష్షుతో తోమి, చాకలి సోడా నీళ్లలో ముంచి తీస్తే సరిపోతుంది. స్ప్రింగులు, గట్టిపరిచిన బోల్టులు మాత్రం ఏ యాసిడ్‌లోనూ నానబెట్టకండి. ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారి విరుగుతాయి.

ఉత్త రేకు తేలాక గడియారం మొదలైనట్టే. విశాఖ, కాకినాడ గాలిలో ఉప్పూ తేమా ఉన్నప్పుడు పొద్దున తీసిన రేకు సాయంత్రానికి నారింజ రంగుకి తిరుగుతుంది. చెమట చెయ్యి ఆనించిన చోట వేలిముద్రలతో సహా తుప్పు వస్తుంది. బండి మొత్తం ఒకేసారి తీసి కూర్చోకుండా, ఆ రోజు ప్రైమర్ కొట్టగలిగినంత మేరకే తీయండి. జిడ్డు తీసే సిలికాన్ రిమూవర్‌ని ఒక గుడ్డతో పూసి, ఆరకముందే రెండో పొడి గుడ్డతో తుడిచి, టూకే ఎపాక్సీ రెండు కోట్లు కొట్టాలి. రెడ్ ఆక్సైడ్ కొట్టి నెలల తరబడి వదిలేసే పద్ధతి గేట్లకీ గ్రిల్లులకీ సరే గానీ, తేమని ఆపలేదు కాబట్టి బండి రేకుకి పనికిరాదు.

దుమ్ము మీద ఒక మాట. పాత పసుపు, ఎరుపు రంగుల్లో లెడ్ క్రోమేట్ ఉండేది. పాత టాక్సీ రంగు గీకేటప్పుడు గాల్లో లేచేది సీసమే అనుకుని జాగ్రత్త పడాలి. పీ100 ఫిల్టర్ ఉన్న సగం ముఖం మాస్కు పెట్టుకుని, నేలని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. ఈ పని జరిగే చోట పిల్లల్ని ఆడుకోనివ్వద్దు.

ఇంత శ్రమ ఎందుకు, బ్లాస్టింగ్‌కి ఇచ్చేద్దామా అని అడిగేవాళ్లుంటారు. ఫ్లోరు, చక్రాల లోపలి భాగం, సస్పెన్షన్, అడుగున ఉన్న పెట్టె భాగాలకి దాన్ని మించింది లేదు. డిస్కూ బ్రష్షూ వెళ్లని గుంట అడుగుదాకా అది శుభ్రం చేస్తుంది. కానీ విజయవాడ ఆటోనగర్‌లో అయినా, బాలానగర్, జీడిమెట్ల వైపు అయినా బ్లాస్టింగ్ షెడ్లు సాధారణంగా పైపులకీ, ట్యాంకులకీ, ఇనుప దూలాలకీ అలవాటుపడినవి. వాళ్లు 100 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర ముతక గ్రిట్ (గరుకు గింజలు) కొడతారు. అదే అంబాసిడర్ తలుపు మీద పడితే గింజల దెబ్బలకి పై ముఖం సాగి రేకు విల్లులా వంగుతుంది. వేడి వల్ల అనుకుని నీళ్లు చల్లినా లాభం ఉండదు, వంపు వచ్చేది ఆ దెబ్బల వల్లే. బానెట్, టాపు, తలుపుల పై రేకు అసలు ఇవ్వకండి. తప్పదంటే 80 నుంచి 120 మెష్ (సన్న గింజ) గార్నెట్, 40 పీఎస్‌ఐ లోపు, అడుగు దూరం, బాగా ఏటవాలు కోణం అని ముందే ఒప్పుకునేవాళ్లకే ఇవ్వాలి. గార్నెట్ మనకి అరుదైన సరుకేమీ కాదు, శ్రీకాకుళం తీరపు ఇసుకలోనే ఉంది. మామూలు నది ఇసుక వాడతామంటే అక్కణ్నుంచి వచ్చేయండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని గట్టిపరిచే సిలికోసిస్ తెస్తుంది, కొట్టేవాడికీ పక్కన నిలబడ్డవాడికీ.

బాడీ ఇచ్చేముందు అద్దాలు, రబ్బర్లు, వైరింగ్ మొత్తం తీసేసి, పెట్టె భాగాల రంధ్రాలన్నీ మందపాటి టేపుతో మూసెయ్యండి. లోపలికి పోయిన గింజలు రంగు వేసే రోజున గాలి తగలగానే బయటికొచ్చి తడి రంగు మీద పడతాయి. చదరపు అడుగు లెక్కన ధర అడిగేటప్పుడు, బ్లాస్టింగ్ అయిన గంటలోపు అక్కడే ఎపాక్సీ ఒక కోటు కొట్టిస్తారా అని కూడా అడగండి. కొట్టరంటే ప్రైమర్, గన్ను మీరే పట్టుకెళ్లి, కొట్టడానికి చోటిస్తారో లేదో తేల్చుకున్నాకే బాడీని ట్రాలీ ఎక్కించండి.